కథలో ఇంట్లోవాళ్ళు ఒంటి గురించి అనే మాటలు ఎలా రాయాలి? చివర్లో అమ్మాయి సన్నబడాలా?

మీరడిగింది నాకు అర్థమైనంతలో ఇది. ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడిలో జరిగే కథ ఒకటి రాస్తున్నారు, అందులో అమ్మాయి లావు, అమ్మ, మేనత్త, నానమ్మ, అన్నయ్య అందరూ ఆమె ఒంటి గురించి ఏదో ఒకటి అంటూనే ఉంటారు. చదివిన ఫ్రెండ్స్ ఇంట్లోవాళ్ళు మరీ విలన్లలా ఉన్నారన్నారు. ఇప్పుడొస్తున్న కథల్లో, నవలల్లో దీన్ని ఎలా చూపిస్తున్నారు, చివర్లో ఆ అమ్మాయి బరువు తగ్గినట్టు రాయాలా వద్దా, ఇదీ మీ సందేహం.

ముందు సూటిగా చెప్పేస్తాను. బరువు తగ్గించొద్దు. ఇంట్లోవాళ్ళని విలన్లు చెయ్యొద్దు, అలాగని వెనకేసుకు రావొద్దు. ఆ మాట అనే మనిషికి ఈ పిల్లంటే ఉన్న ప్రేమ, ఆ మాట వెనక ఉన్న భయం, ఆ మాట వల్ల పిల్లకి తగిలిన దెబ్బ, ఈ మూడూ ఒకే సీన్లో కనపడాలి. మూడింట్లో ఏది తగ్గినా కథ ఒక పక్కకి ఒరిగిపోద్ది. మీ డ్రాఫ్టులో మూడోది మాత్రమే ఉందని మీ ఫ్రెండ్స్ మాటల్ని బట్టి అనిపిస్తోంది.

నేను బరంపురంలో తెలుగు పాఠాలు చెప్తాను, ఆదివారాలు కొంతమందిమి కూర్చుని ఒకరి కథలు ఒకరం చదువుకుంటాం, గుణుపురం, రాయగడ నుంచీ ఇటు ఇచ్ఛాపురం, పలాస నుంచీ కూడా చిత్తుప్రతులు వస్తుంటాయి. అమ్మాయిలు రాసిన వాటిల్లో ఒంటి మాట రాని కథ చాలా తక్కువ, కొన్నిట్లో అదే కథ, కొన్నిట్లో ఒక లైను అలా వచ్చి పోద్ది, కానీ ఆ ఒక్క లైనే గుర్తుండిపోద్ది. కాబట్టి ఇది చిన్న విషయం అనుకోకండి, మీరు పట్టుకున్నది చాలా పెద్ద సరుకు.

గుణుపురం నుంచి ఒకమ్మాయి పంపిన కథ చెప్తాను, అందులో నాకు కావలసిందంతా ఉంది. అక్క పెళ్ళి, చెల్లెలు లావు. బరంపురం పట్టుచీర కొన్నారు, జాకెట్టు కుట్టించడానికి అమ్మ టైలర్ దగ్గరికి తీసుకెళ్ళింది. టైలర్ కొలతలు తీస్తుంటే అమ్మ అంటాది, "ఈ కొలత రాయకు బాబూ, రెండంగుళాలు తగ్గించి కుట్టు, పెళ్ళి టైముకి ఈ గుంట తగ్గుద్ది." అంతే, ఇంకేం అనదు. పిల్ల ఆ రోజునుంచి రాత్రిళ్ళు అన్నం మానేస్తాది. పెళ్ళినాడు తెల్లారుజామున జాకెట్టు పట్టదు. ఇంటినిండా చుట్టాలు, గది తలుపేసుకుని అమ్మ నేలమీద కూర్చుని బ్లేడుతో ఒక్కో కుట్టూ విప్పుతాది, తిట్టుకుంటూనే విప్పుతాది, మధ్యలో పిల్ల చెయ్యి పట్టుకుని చల్లగా ఉందేటే, రాత్రి ఏమీ తినలేదా అనడుగుతాది. టైలర్ లోపల గుడ్డ ఎక్కువే వదిలాడు, అతనికి తెలుసు కదా. జాకెట్టు సరిపోయింది.

ఇందులో విలన్ ఎవరో చెప్పండి. టైలర్ దగ్గర అమ్మ అన్న మాట క్రూరమైనదే, నలుగురిలో అన్నది, పిల్ల అన్నం మానేసింది. కానీ కుట్లు విప్పిన చెయ్యి కూడా అదే. ఆ అమ్మాయి ఎక్కడా "అమ్మకి నేనంటే ప్రేమే" అని రాయలేదు, "అమ్మ నన్ను అవమానించింది" అని కూడా రాయలేదు. జాకెట్టు గురించి రాసింది.

అన్నం పెట్టే చేతినే మాట అననివ్వండి. మన ఇళ్ళల్లో ఒంటి గురించిన మాట ఎక్కువ వచ్చేది భోజనాల దగ్గరే. మారు వడ్డిస్తూనే అంటారు. పండక్కి ఇంటికొస్తే చిక్కిపోయావు తినవేటి అంటారు, అదే మనిషి రెండ్రోజులాగి కాస్త తగ్గించకూడదేటే అంటాది. ఈ రెండు మాటల మధ్య నలిగిపోయే పిల్లని రాస్తే చాలు, తిట్లు అక్కర్లేదు. ఇంకో చిత్తుప్రతిలో చూశాను, ఇంట్లో అందరికీ అన్నం, పప్పు, అప్పడం, అన్నయ్య కంచంలో నెయ్యి, ఈ పిల్ల కంచంలో మాత్రం రెండు పుల్కాలు. ఎవరూ ఏమీ అనలేదు. పుల్కాలు చెయ్యడానికి అమ్మ పొయ్యి దగ్గర ఇంకో అరగంట ఎక్కువ నిలబడింది కూడా. ఆ కంచం చూడగానే పాఠకుడికి ఇల్లంతా అర్థమైపోద్ది.

ఇక మీరు అడిగిన ఇప్పటి నవలల సంగతి. బయట దేశాల్లో దీనిమీద బాగా రాస్తున్నారు, నాకు పనికొచ్చినవి మాత్రం చెప్తాను.

జూలీ మర్ఫీ రాసిన 'డంప్లిన్' 2015లో వచ్చింది, టీనేజీ పిల్లల కోసం రాసింది, టెక్సాస్‌లో చిన్న ఊరు. అమ్మాయి లావు, అమ్మ ఒకప్పుడు ఆ ఊరి అందాల పోటీ గెలిచిన మనిషి, ఇప్పుడు ఆ పోటీ నడిపేది కూడా ఆవిడే. పిల్లని ముద్దుగా డంప్లిన్ అని పిలుస్తాది, అంటే ఉడికించిన పిండి ఉండ, మనవాళ్ళు బొండాం అని పిలిచినట్టు. ఆ ముద్దుపేరే నవలకి పేరయింది చూడండి. ఆ ఇంట్లో ఒక చావు కూడా ఉంది, అమ్మ తోడబుట్టింది బాగా లావుగా ఉండేది, చిన్న వయసులోనే పోయింది. ఆ సంగతి తెలిశాక అమ్మ మాటలన్నీ వేరేగా వినపడతాయి. పిల్ల అదే అందాల పోటీలో పేరిస్తాది. సన్నబడదు.

జేమీ అటెన్‌బర్గ్ 'ది మిడిల్‌స్టైన్స్', 2012. ఇది పెద్దవాళ్ళ నవల, షికాగో శివార్లలో ఒక యూదు కుటుంబం, ఇక్కడ లావుగా ఉన్నది తల్లి, ఆమెని చూసి బెంగపడేది పిల్లలూ కోడలూ. ఆమెకి షుగరు, కాళ్ళకి ఆపరేషన్లు, అంటే ఇంట్లోవాళ్ళ భయం ఉత్తినే కాదు, నిజంగానే ప్రాణం మీదకొచ్చింది. ఆమె గురించిన కొన్ని అధ్యాయాలకి పేర్లు ఆమె అప్పటి బరువే, చిన్నప్పుడు 62 పౌన్లు అన్న దగ్గర మొదలవుద్ది. ఇంటిల్లిపాదీ ఆమెని ఒక అంకెగా చూస్తున్నారని రచయిత్రి ఎక్కడా చెప్పకుండానే మనకి తెలిసిపోద్ది. ఈ నవల మీరు తప్పకుండా చదవండి, ఎందుకంటే "అనేవాళ్ళు తప్పు, అనిపించుకునేవాళ్ళు ఒప్పు" అన్న సులువు దారి ఇందులో లేదు. అన్నం ఆమెకి ఓదార్పు, అదే ఆమెకి జబ్బు, చూస్తున్నవాళ్ళు ప్రేమిస్తున్నారు, అలిసిపోతున్నారు కూడా, మొగుడైతే ఆ జబ్బు మధ్యలోనే వదిలేసి పోతాడు.

మోనా అవాద్ 2016లో '13 వేస్ ఆఫ్ లుకింగ్ ఎట్ ఎ ఫ్యాట్ గర్ల్' అని తెచ్చింది, ఒకే అమ్మాయి గురించి 13 కథలు. ఇందులో ఆమె నిజంగానే సన్నబడుద్ది. మీ ప్రశ్నకి ఇదే అసలు జవాబు అనుకోండి. సన్నబడ్డాక తల్లి, ఆ తల్లి కూడా లావే, కూతురికి బట్టలు తొడిగి తన స్నేహితులందరికీ చూపించుకుంటాది. ఇప్పుడు అందరూ పొగుడుతున్నారు, అయినా ఆ పిల్లకి ఊపిరాడదు, ఎందుకంటే అప్పుడూ ఒళ్ళే చూశారు, ఇప్పుడూ ఒళ్ళే చూస్తున్నారు. పొగడ్త కూడా అదే కన్ను. బరువు తగ్గితే కథ సుఖాంతం అనుకునేవాళ్ళందరికీ నేను ఈ కథే చెప్తుంటాను.

హాన్ కాంగ్ 'ది వెజిటేరియన్' చాలామందికి తెలిసే ఉంటాది, కొరియన్లో 2007లో వచ్చింది, ఇంగ్లీషు అనువాదానికి 2016లో ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది, ఆమెకి 2024లో నోబెల్ కూడా ఇచ్చారు. లావు సన్నం గొడవ కాదిది, ఒక ఆడమనిషి మాంసం మానేస్తాది, అంతే. చిక్కిపోతా ఉంటాది. కుటుంబమంతా కలిసిన భోజనం దగ్గర తండ్రి ఆమెని చెంపమీద కొట్టి నోట్లో మాంసం కుక్కుతాడు. ఆమె ఒంటిమీద హక్కు ఎవరిది అన్న ప్రశ్న అంత గట్టిగా అడిగిన సీన్ ఇంకోటి నేను చదవలేదు. మీరు గమనించాల్సింది ఇంకోటుంది, నవల మూడు భాగాలు, ఒకటి మొగుడి వైపు నుంచి, ఒకటి బావ వైపు నుంచి, ఒకటి అక్క వైపు నుంచి. ఆ మనిషి ఒంటి గురించి అందరూ చెప్తారు, ఆమెకి మాత్రం సొంత భాగం లేదు. మీ కథలో అమ్మాయే అంతా చెప్తోంది కదా, ఒక్క సీనైనా మేనత్త వైపు నుంచి రాసి చూడండి, అచ్చులో పెట్టకపోయినా సరే, మీకోసం రాయండి. మేనత్త ఈ పిల్లని చూసినప్పుడు ఏం చూస్తోందో మీకు తెలిశాక డైలాగ్ దానంతటదే మారిపోద్ది.

మన దగ్గర చూస్తే ఓల్గా గారి 'విముక్త', 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం. అందులో 'సమాగమం' కథలో అడవిలో సీత శూర్పణఖని కలుస్తాది. ముక్కు చెవులు కోయించుకున్న మనిషి, ఒకప్పుడు అందం మీద అంత మక్కువ ఉన్న మనిషి, ఇప్పుడు ఒక తోట పెంచుకుంటూ ఉంటాది, పూలలో చెట్లలో అందాన్ని చూడటం నేర్చుకుని కోపంలోంచి బయటకొస్తాది. ముక్కు తిరిగి రాదు. రావాల్సిన అవసరం కూడా కథలో ఉండదు. ఒళ్ళు అలాగే ఉండి మనిషి మారడం అంటే ఏంటో తెలుగులో చూడాలంటే ఇది చూడండి.

సినిమాల్లో 2015లో వచ్చిన 'సైజ్ జీరో' ఉంది, అనుష్క దానికోసం బరువు పెరిగారు. నా అభిప్రాయం చెప్తున్నా, కూతురికి పెళ్ళి కాదేమోనన్న అమ్మ బెంగ ఉన్నంతసేపూ అది మన ఇంటి కథ, సన్నబడే సెంటర్ మీద పోరాటం మొదలయ్యాక ఇల్లు పక్కకెళ్ళిపోయింది. మీరు ఆ దారి పట్టకండి, మీ కథని ఇంట్లోనే ఉంచండి.

భయం ఎక్కడ్నుంచొచ్చిందో మీ ఊరితో సహా చూపించండి. మన వైపు ఈ భయానికి ఒక ప్రత్యేకమైన రూపం ఉంది, దాన్ని ఎవరూ సరిగా రాయట్లేదు, మీరు రాయొచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, బరంపురం అటు వెళ్ళాయి, చుట్టాలు సగం ఇటు సగం అటు అయిపోయారు. మన ఇళ్ళల్లో సంబంధాలు చూసేది ఎక్కువ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపే. అంటే పిల్లని రోజూ చూసేవాళ్ళు సంబంధం తేరు, తెచ్చేవాళ్ళు పిల్లని ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి పెళ్ళిలోనో పండగలోనో చూస్తారు, మిగతా అంతా ఫోన్లో వెళ్ళే ఫొటో. ఆ ఒక్క చూపులో పిల్ల ఎలా కనపడిందన్నదే అమ్మకి పరీక్ష. అందుకే అక్కడ్నుంచి మేనత్త వస్తోందంటే అమ్మ వారం ముందునుంచే పిల్ల కంచం మీద కన్నేస్తాది. ఆ వారం రోజులు రాయండి. మేనత్త మాట తర్వాత సంగతి.

బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతర జరుగుద్ది, అమ్మవారు పుట్టింటికి వస్తాదని నమ్మకం, ఊళ్ళో ఆడపడుచులంతా కూడా పుట్టిళ్ళకి వస్తారు. వచ్చినామెని గుమ్మంలోనే పలకరించే మొదటి మాట ఒంటి గురించే. ఒళ్ళు చేశావేటి, నల్లబడిపోయావేటి, ఎండిపోయావేటి. పక్కింటి ఒడియా మావుశి కూడా వాళ్ళ భాషలో అదే అంటాది. అది పలకరింపు, తిట్టు కాదు, చాలాసార్లు నిజంగానే బెంగ. కానీ అత్తారింట్లో ఏదో కష్టం పడి వచ్చిన పిల్లకి అది ఎలా తగులుద్ది? ఇంత మంచి సీన్ మన గుమ్మంలోనే ఉండగా మనం ఎక్కడెక్కడో వెతుకుతాం.

ఇంకోటి, మీ అమ్మ పాత్రకి కూడా ఒక వయసులో ఒక ఒళ్ళు ఉండేదని గుర్తుపెట్టుకోండి. ఆవిణ్ణి పెళ్ళిచూపుల్లో ఎవరేమన్నారు, పురుటి తర్వాత అత్తగారేమంది. పెద్ద ఫ్లాష్‌బ్యాక్ వద్దు, ఒక్క వాక్యం చాలు. మా దగ్గర ఒకబ్బాయి కథలో నానమ్మ మనవరాల్ని నల్లపిల్ల నల్లపిల్ల అంటూనే ఉంటాది, చివరెక్కడో నానమ్మ పెళ్ళి ఫొటో బయటపడుద్ది, అందులో ముఖానికి పౌడరు ఎంత దట్టంగా వేశారంటే మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు. అతను దానికి వ్యాఖ్యానం రాస్తే తీసేయమన్నాం. తీసేశాక కథ లేచి నిలబడింది.

రంగు గురించి రాసేటప్పుడు కాలం సరిచూసుకోండి. ఫెయిర్ అండ్ లవ్లీ 1975 నుంచి ఉంది, 2020లో పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. మీ కథ 2005లో జరిగితే పాత పేరే ఉండాలి. 2023లో జరిగితే ట్యూబు మీద కొత్త పేరున్నా అమ్మ నోట పాత పేరే వస్తాది, ఆ చిన్న విషయం చాలు ఇంట్లో ఏమీ మారలేదని తెలియడానికి.

మేనత్త చేత పుస్తకం భాష మాట్లాడించకండి. మీరు ప్రశ్నలో ఇచ్చిన డైలాగ్, "నీ శరీరం రోజురోజుకీ స్థూలకాయంగా మారుతోంది, వరులు ఎలా అంగీకరిస్తారు?" అన్నది, ఏ మేనత్తా అనదు. గిడుగు రామమూర్తి గారు మీ పర్లాకిమిడిలోనే ఉంటూ జనం మాట్లాడే భాష కోసం అంత పోరాడారు, ఆ ఊరి కథలో మేనత్త ఇలా మాట్లాడితే ఎలాగండి. విలన్‌లా కనపడటానికి సగం కారణం ఇదే, మనిషిలా మాట్లాడకపోతే చదివేవాడికి మనిషని అనిపించదు. "ఏటే ఇలాగయిపోయావు, మొన్న పండక్కి బాగుండేదానివి" అని పిల్ల బుగ్గ మీద చెయ్యేసి అననివ్వండి. అప్పుడు తగులుద్ది.

అననివాళ్ళని కూడా మర్చిపోకండి. చాలా ఇళ్ళల్లో నాన్న ఏమీ అనడు. అమ్మ అంటున్నప్పుడు పేపరు చదువుకుంటాడు, టీవీ సౌండు పెంచుతాడు. పిల్లలు పెద్దయ్యాక రాసే కథల్లో ఆ మౌనం మీద కోపం మాట మీద కోపం కంటే ఎక్కువ ఉండటం నేను చాలా చూశాను.

మగపిల్లల గురించి ఒక మాట. పొట్టి, ఈనుపుల్ల, బట్టతల, ఛాతీ లేదు, ఇవి కూడా ఇంట్లోనే మొదలవుతాయి, కానీ మగపిల్లలు రాసేటప్పుడు దాన్ని కామెడీ చేసేస్తారు. మీ అన్నయ్య పాత్రని ఊరికే వెక్కిరించేవాడిగా వదిలేశారు, వాడికీ చిన్నప్పుడు ఏదో పేరు పెట్టుంటారు కదా, ఆలోచించండి.

ఇక జాగ్రత్తలు. మొదటిది, అంకెలు. ఎన్ని కిలోలు తగ్గింది, రోజుకి ఎంత తింది, ఎన్నాళ్ళు పస్తుంది, ఇవన్నీ కొలతలతో సహా రాయకండి. తిండి మానేసే జబ్బుతో ఉన్న పిల్లలు మీ కథ చదవొచ్చు, వాళ్ళు దాన్ని కథలా చదవరు, పద్ధతిలా చదువుతారు. అటెన్‌బర్గ్ అంకెలు వాడింది కదా అంటారేమో, అక్కడ ఆ అంకె ఇంట్లోవాళ్ళ చూపు, ఎలా తగ్గాలో చెప్పే లెక్క కాదు. ఆ తేడా పట్టుకోగలిగితేనే వాడండి.

రెండోది, అన్ని ఇళ్ళల్లోనూ ప్రేమ ఉంటాదని నేను అనట్లేదు. నిజంగానే కసితో అనేవాళ్ళుంటారు, పిల్లని నలుగురిలో కూర్చోబెట్టి నవ్వేవాళ్ళుంటారు. మీ కథ అలాంటి ఇల్లయితే అలాగే రాయండి, లేని ప్రేమ అతికించొద్దు. అలాగే చివర్లో అమ్మాయి చేత అందరినీ క్షమింపచేయడం తప్పనిసరి కాదు. అమ్మ ఏడ్చి, కూతురు కౌగిలించుకుని, అందరూ కలిసి భోజనం చేసే ముగింపులు మా దగ్గరికి తెగ వస్తాయి, చాలావాటిల్లో అది రాసేవాళ్ళ కోరికే గానీ ఆ ఇంట్లో జరిగే పని కాదు. ఆ కోరిక నాకు అర్థమవుద్ది, మన ఇంట్లో జరగనిది కనీసం కాగితం మీద జరగాలని ఉంటాది, కానీ చదివేవాళ్ళు అదే ఇంట్లో ఉన్నారు, వాళ్ళు నమ్మరు.

మరి ముగింపు ఎలా అంటే, ఒళ్ళు మారకుండా ఏదో ఒకటి మారాలి. పెద్దదే అక్కర్లేదు. పుల్కాల కంచం కథలో ఆ పిల్ల ఒకరోజు పుల్కాలు పక్కన పెట్టి అన్నం గిన్నె తనవైపు లాక్కుని తనే వడ్డించుకుంటాది, అమ్మ చూస్తాది, ఏమీ అనదు, కాసేపాగి పప్పు గిన్నె జరుపుతాది. రాజీ కుదిరిందని కాదు, రేపు మళ్ళీ అంటాది అమ్మ. కానీ ఆ పూటకి కంచం పిల్లది.

మీకు చెయ్యమని చెప్పేది ఒక్కటే పని. కథంతా తిరగరాయకండి. మేనత్త వచ్చిన సాయంత్రం సీన్ ఒక్కటి తీసుకుని, ఆవిడ చేతిలో పిల్లకోసం తెచ్చినదేదో పెట్టండి, అది తినేదైతే ఇంకా మంచిది, పలాస జీడిపప్పో, ఇంట్లో చేసిన అరిసెలో. అది ఇస్తూనే ఆ మాట అనిపించండి. పిల్ల అది తీసుకుంటాదా, తింటాదా, దాచుకుంటాదా, పారేస్తాదా అన్నది మీరే తేల్చుకోండి. రాశాక ఇక్కడే కింద పెట్టండి, చదివి చెప్తాను.